బ్యాంకాక్ టూర్లో ఒక రోజు మలేషియా

ఈ సాయంత్రం నాచారంలో మా వీధి పెయింట్ షాపు యాదగిరి నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. అమ్మకాలు బాగున్నాయని కంపెనీ అతనికీ భార్య సుజాతకూ బ్యాంకాక్ టూర్ ఇచ్చింది. సుజాత తమ్ముడు మలేషియాలో ఒక హోటల్లో వంట చేస్తాడు. తండ్రి చనిపోయినప్పుడు కూడా అతనికి సెలవు దొరకలేదు.

“అన్నా, మనం వీసా లేకుంట పోయేటోళ్లం గదా. నడుమ ఒక దినం మలేషియా వోతే బ్యాంకాక్‌ల మళ్ల రానిస్తరా? తిరుగు ఇమానం ఆడనే ఎక్కాలె,” అన్నాడు యాదగిరి.

రెండు దేశాల అధికారిక వెబ్‌సైట్లు చూశాను. ప్రస్తుతం మనకు రెండు చోట్లా వీసా అక్కర్లేదు. బ్యాంకాక్‌లో మళ్లీ దిగితే కొత్తగా వచ్చినట్టే లెక్క. తుది మాట మాత్రం అక్కడి అధికారిదే. అదే చెప్పాను.

“అందరు షాపింగ్‌కు వోయే రోజే పోదాం. నాకు చీరెలొద్దు,” అంది సుజాత.

“సూసినవా అన్నా, టూరు నాది, సంబురం బామ్మర్దిది,” అని నవ్వాడు యాదగిరి.

ఆమె నన్ను ఒకటే అడిగింది. “సకినాలు ఇరగకుంట రెండు ఇమానాలు ఎట్ల దాటియ్యాలె అన్నా? వానికి తునకలు వెట్టబుద్ధి గాదు.”

ఇది ఏ వెబ్‌సైట్లోనూ లేదు. తీసుకెళ్లినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి. వచ్చే వారమే ప్రయాణం.