‘అలాగేనండి’ అన్న విద్యార్థి నాయకురాలు

ఆ రోజుల్లో భిలాయిలో పుట్టి పెరిగిన మాబోటి తెలుగు పిల్లలకి రెండు భాషలుండేవి, రెండింటికీ వేరువేరు పనులుండేవి. పోట్లాటకి, పందేలకి, సైకిల్లో గాలి తీసినవాణ్ణి తిట్టడానికి హిందీ. పేరంటానికి వచ్చిన పెద్దవాళ్ళకి మంచినీళ్ళివ్వడానికి, దండం పెట్టడానికి, ‘ఏం చదువుతున్నావమ్మా’ అంటే ఒద్దికగా జవాబు చెప్పడానికి తెలుగు. నా తెలుగులో ‘అలాగేనండి’, ‘వస్తానండి’, ‘బాగున్నామండి’ దండిగా ఉండేవి గాని, ‘కుదరదు’ అన్న మాట వెతికినా దొరికేది కాదు. ఎందుకుంటుంది? నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళంతా నాకంటే పెద్దవాళ్ళే. (తమ్ముడొకడున్నాడు గాని, వాడితో నా యుద్ధాలన్నీ హిందీలోనే జరిగేవి.) ఇంత గొప్ప భాషాజ్ఞానం పెట్టుకుని నేను మా కాలేజీ విద్యార్థి సంఘానికి ఉపాధ్యక్షురాలినయ్యాను. తలుచుకుంటే ఇప్పటికీ నవ్వాగదు.

అధ్యక్షుడు భాషణ్ భయ్యా. ఉపన్యాసాల పిచ్చి వల్ల వచ్చిన పేరది, అసలు పేరు అందరూ మరిచిపోయారు. క్యాంటీన్‌లో టీ కావాలన్నా ‘సాథియో!’ (మిత్రులారా!) అని మొదలుపెట్టి, దేశపరిస్థితి మీదుగా తిరిగి టీ దగ్గరికి వచ్చే మనిషి. గెలిచిన మర్నాడే సైకిల్ స్టాండు వెనకాల ఉన్న యూనియన్ గదిలో మమ్మల్ని కూర్చోబెట్టి, సంఘమంటే జెండా కాదు, సిద్ధాంతాలుండాలి, విద్యార్థుల తరఫున మాట్లాడేవాళ్ళకి కొన్ని నియమాలుండాలి అన్నాడు. ఏ నియమాలో మాకెవరికీ తెలియదు. అప్పుడు నాకు మా నాన్న గుర్తొచ్చారు. ఆయన స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో పనిచేసేవారు, కార్మిక సంఘం కమిటీలో ఏళ్ళ తరబడి ఉన్నారు. సాయంత్రం షిఫ్టు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటూ ఉంటే అడిగాను.

“ఇను పాపా,” అన్నారు. “ఎవలి గురించి మాటాడతన్నావో ముందు ఆల్నే అడుగు. ఒక్కర్తివీ నోపలికి ఎల్లకు. నోపల ఏటన్నారో బైటికొచ్చి ఉన్నదున్నట్టు సెప్పు. ఇంకోటి, ఆలిచ్చిన టీ మాత్రం తాగకు.”

“టీ తాగితే ఏటవుద్ది నాన్నా?”

“ఏటీ అవదు. కప్పు కింద ఎట్టేలోగా మన కోపం సల్లారిపోద్ది, అంతే.”

భాషణ్ భయ్యా ఈ సలహాలు వినగానే లేచి నిలబడ్డాడు. మర్నాటికల్లా గది గోడ మీద అవన్నీ ఎర్ర రంగుతో హిందీలో వెలిశాయి. టీ గురించినది అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉంది. మేం గర్వంగా చూసుకున్నాం. ఇహ మాకు కావలసింది ఒక సమస్య, అంతే.

ఆ సమస్య మా స్నేహితురాలి రూపంలోనే వచ్చింది. మేమంతా దాన్ని ప్యాసింజర్ అనేవాళ్ళం. రాజ్‌నంద్‌గావ్ వైపు ఒక పల్లెటూరి పిల్ల. పొద్దున్నే ప్యాసింజర్ రైలెక్కి వచ్చేది. ఆ రైలు వచ్చే వేళకి మా మొదటి పీరియడ్, అంటే కెమిస్ట్రీ, సగం గడిచిపోయేది. తలుపు వేసేవారు. అది రోజూ వరండాలో కిటికీ పక్కన నిలబడి నోట్సు రాసుకునేది. పరీక్షల ముందర హాజరు చాలనివాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టారు. అందులో దాని పేరు ఉంది. పరీక్ష రాయనివ్వరట. ఏడాది పోతే మళ్ళీ పంపేది లేదని వాళ్ళ అన్న ముందే తేల్చి చెప్పాడు. ఏడవను కూడా ఏడవలేదది. “ఏం చేస్తాంలే,” అని ఛత్తీస్‌గఢీలో అని, టిఫిన్ డబ్బా విప్పి మా ముందు పెట్టింది. ఆ రోజు దాని శనగపిండి ఠేఠరీలు మాకెవరికీ గొంతు దిగలేదు.

సరే, నియమం ప్రకారం దాన్నే అడిగాం. “మాట్లాడండి, నేనూ వస్తాను,” అంది. ముగ్గురం ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళాం. భాషణ్ భయ్యా హిందీలో విజృంభించాడు. గ్రామీణ విద్యార్థుల హక్కుల గురించి, సమానావకాశం గురించి, మధ్యలో భగీరథుడి గురించి కూడా చెప్పాడు. (గంగకీ ప్యాసింజర్ రైలుకీ సంబంధమేమిటో ఇప్పటికీ నాకు తెలియదు.) ప్రిన్సిపాల్ గారు అంతా ఓపిగ్గా విన్నారు. విని, భాషణ్ భయ్యాని వదిలేసి నావైపు తిరిగారు. ఆయనది విజయనగరం.

“ఏమ్మా, నువ్వు మన సెక్టారు అమ్మాయివే కదూ? నాన్నగారు బ్లాస్ట్ ఫర్నేస్ కదూ? అమ్మకి మోకాళ్ళ నొప్పి తగ్గిందా?”

“తగ్గిందండి.”

“చూడు తల్లీ, ఈ రూలు నేను పెట్టింది కాదు, యూనివర్సిటీది. నువ్వు తెలివైనదానివి. మీవాళ్ళకి నచ్చజెప్పాలి. చెప్తావు కదూ?”

“అలాగేనండి.”

“మంచి పిల్లవి. టీ తాగుతావా?”

“అలాగేనండి.”

తాగాను. వేడిగా, అల్లం వేసి, బ్రహ్మాండంగా ఉంది. బయటికి రాగానే భాషణ్ భయ్యా, “క్యా తయ్ హువా?” అన్నాడు. ఏం తేలిందో లోపల జరిగింది జరిగినట్టు చెప్పాలి కదా, అదీ నియమమే. మీకు నచ్చజెప్తానని ఆయనకి మాటిచ్చానని చెప్పాను. భాషణ్ భయ్యా నన్ను ఎగాదిగా చూసి, “నువ్వు మా తరఫా, వాళ్ళ తరఫా?” అని హిందీలో అడిగాడు. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

రెండోసారి వెళ్ళేటప్పుడు ఒట్టు పెట్టుకున్నాను. ఆయన తెలుగులో అడిగినా సరే, నేను హిందీలోనే జవాబిస్తాను. హిందీలో నేను పులినే. గదిలోకి అడుగు పెడుతూనే ఆయన తెలుగులో పలకరించారు, నేను హిందీలో గట్టిగా బదులిచ్చాను. ఆయన కళ్ళజోడు తీసి, నిజంగానే దిగులుగా చూశారు. “అయ్యో, తెలుగు మర్చిపోయావా తల్లీ? నాన్నగారు ఎంత బాధపడతారు!” అన్నారు. అంతే, నా పులి కాస్తా పిల్లి అయి కూర్చుంది. “లేదండి, మర్చిపోలేదండి,” అన్నాను. ఆ తర్వాత ‘అలాగేనండి’ ఎన్నిసార్లన్నానో ఆ పరమాత్ముడికే తెలియాలి.

ఇహ నన్ను లోపలికి తీసుకెళ్ళేది లేదని భాషణ్ భయ్యా తీర్మానం చేశాడు. గేటు దగ్గర ధర్నా చేద్దామన్నాడు. అప్పుడు ప్యాసింజర్ అడ్డుపడింది. “పరీక్ష పోతోంది నాది. ముందు నన్నడగాలని గోడ మీద రాశారు కదా, అడగండి. భయ్యా మాట సార్ వినడం లేదు, మాట్లాడేది దీదీతోనే. దీదీయే రావాలి,” అంది. (నా ఈడుదే అది. అయినా ఉపాధ్యక్షురాలినయ్యాక దీదీ అనడం మొదలుపెట్టింది.) ఆ మాటకి నాకు ధైర్యం రాలేదు సరికదా, భయం రెట్టింపయింది. ఇప్పుడు దాని చదువు నా నోటిమీద ఆధారపడి ఉంది. ఆ నోటికేమో కాదనడం రాదు.

ఇంటికొచ్చి నాన్ననే పట్టుకున్నాను. “నాన్నా, తెలుగులో పెద్దవాళ్ళకి కాదని ఎలా చెప్పాలి?”

ఆయన తల గోక్కున్నారు. “నాకూ రాదే పాపా. ఎదరోడు మన తెలుగు ఆపీసరైతే నాను నోరెత్తలేను. ‘సిత్తం’ అనీసి వొచ్చేస్తాను. అందుకే అలాటోల కాడికి మా సర్దార్జీని పంపేవోణ్ణి.”

ఇన్నేళ్ళ యూనియన్ రహస్యం అలా బయటపడింది. వంటింట్లోంచి మా అమ్మ గరిటె పట్టుకుని వచ్చింది. “బాగుంది, తండ్రీకూతుళ్ళిద్దరూ పెద్ద యూనియనోలు! పెద్దోలికి కాదని ఎవలు సెప్పమన్నారే? కాదంటే ఆలికి కోపమొస్తాది. కోపమొస్తే పని సెడిపోద్ది. ‘అలాగే బాబూ’ అనాల. అనీసి, ఆడే కూకోవాల.”

“కూర్చుని?”

“కూకోని, ‘మరి?’ అనాల. మన పైపు కారినప్పుడు రిపేర్ల ఆపీసుకి ఎల్లినాను గదా? సామాన్లు నేవమ్మా అన్నాడు. ‘అలాగే బాబూ, మరి పైపో?’ అన్నాను. మనుసులు నేరమ్మా అన్నాడు. ‘అవును బాబూ, పాపం మీరేటి సేస్తారు, మరి పైపో?’ అన్నాను. పొద్దుగూకీలోగా పైపు మారిపోనేదేటి?” (ఆ ఆఫీసులో ఆయన ఒడియా ఆయన. మా అమ్మ ఆసాంతం తెలుగులోనే మాట్లాడింది. అయినా పైపు మారింది.)

మూడోసారి ముగ్గురం వెళ్ళాం. చెప్పకుండానే కుర్చీలు లాక్కుని కూర్చున్నాం. ప్రిన్సిపాల్ గారు ముందు మా అమ్మ మోకాళ్ళు అడిగారు. చెప్పాను. ఆ తర్వాత రూలు గురించి చెప్పారు.

“అవునండి, రూలు రూలేనండి. మరి ఈ అమ్మాయో?”

“ఒకరికి సడలిస్తే అందరూ వస్తారమ్మా.”

“వస్తారండి, మీకెంత ఇబ్బంది! మరి ఈ అమ్మాయో?”

“మీ నాన్నగారితో చెప్తానుండు.”

“అలాగేనండి, తప్పకుండా చెప్పండి. మరి ఈ అమ్మాయో?”

మా అమ్మ చెప్పింది నిజం, నేను ఆయనకి ఎదురు చెప్పడమే లేదు, ఆయన నామీద కోప్పడడానికి సందే లేదు. టీ వచ్చింది. నేను తాగాను. భాషణ్ భయ్యా నావంక, కప్పువంక, మార్చిమార్చి చూసి, గోడ మీది ఎర్ర అక్షరాలకి మనసులో నీళ్ళొదులుకుని తానూ తాగాడు. ప్రిన్సిపాల్ గారు ఫైళ్ళు చూశారు, ఫోన్లు మాట్లాడారు, తలెత్తి చూస్తే మేం అక్కడే ఉన్నాం. విసిగిపోయి హిందీలోకి మారి, “అధ్యక్షుడివి నువ్వు కదా, నువ్వైనా ఈ పిల్లకి చెప్పు,” అన్నారు. భాషణ్ భయ్యా లేచాడు. అయిపోయింది, ‘సాథియో’ అంటాడని నేను కళ్ళు మూసుకున్నాను. అతను గుటక మింగి, వచ్చీరాని తెలుగులో, “మరి, సర్?” అన్నాడు. అతని జీవితంలో అంత చిన్న ఉపన్యాసం అంతకుముందూ ఇవ్వలేదు, ఆ తర్వాతా ఇవ్వలేదు. దాని వెనకే ఇంకో గొంతు, సన్నగా, “మరి, సర్?” అంది. ఆ గదిలో ఇన్నాళ్ళూ నోరు విప్పని ప్యాసింజర్!

ప్రిన్సిపాల్ గారు ఒక్క క్షణం బిత్తరపోయి, కుర్చీలో వెనక్కి వాలి పకపకా నవ్వారు. “ఎవరు నేర్పారే నీకిది?”

“మా అమ్మండి.”

“అనుకున్నాను! మా ఇంట్లో ఒకావిడ ఉంది, అది చాలదా నాకు?” అని కళ్ళు తుడుచుకుని, మొదటిసారి ప్యాసింజర్ వైపు తిరిగారు. ఇంట్లో ఎన్నింటికి బయలుదేరుతావని హిందీలో అడిగారు. అది చెప్పింది. చీకటితో లేచి, సైకిలు తొక్కి స్టేషనుకొచ్చి, రైలు దిగి పరుగెత్తడం, తలుపు మూసి ఉండడం, కిటికీ పక్కన నిలబడి రాసుకోవడం, అన్నీ మెల్లగా చెప్పింది. మేం మూడుసార్లు వచ్చినా ఈ సంగతి దాని నోటితో ఆయనకి చెప్పించలేదని అప్పుడు గాని నాకు తట్టలేదు. ఆయన నవ్వు పోయింది. చాలాసేపు పేపర్‌వెయిటు తిప్పుతూ కూర్చున్నారు. రూలు మారదు గాని, పోయిన పాఠాలు మధ్యాహ్నం పూట మళ్ళీ చెప్పిస్తే అది హాజరే అవుతుందన్నారు. కెమిస్ట్రీ మాస్టారిని తానే ఒప్పిస్తానన్నారు. మాకు పట్టరాని సంతోషం. లేస్తుంటే, “ఆగండి, యూనియన్ వాళ్ళు కూడా ఆ క్లాసులకి రావాలి. మీ హాజర్లు నేను చూడలేదనుకున్నారా?” అన్నారు. రైలు ఎక్కకుండానే భాషణ్ భయ్యాకి ప్యాసింజర్ కంటే తక్కువ హాజరుందని ఆ రోజే తెలిసింది.

అది పరీక్ష రాసింది. కెమిస్ట్రీలో నాకంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది కూడా. ఇప్పుడొక స్కూలుకి హెడ్మిస్ట్రెస్. పిల్లలు ఆలస్యంగా వస్తే గేటు మాత్రం మూయించదట. భాషణ్ భయ్యా బీమా పాలసీలు అమ్ముతున్నాడు, ఆ వాగ్ధాటికి తగ్గ పని. నాన్న లేరు. అమ్మ ఇక్కడే భిలాయిలో, స్మృతి నగర్‌లో నాతోనే ఉంది. నేనొక కంపెనీలో ఉద్యోగుల సెలవులూ బదిలీలూ చూసే కుర్చీలో కూర్చున్నాను. పొద్దున్నించీ సాయంత్రం దాకా నా పనేమిటంటే, కాదనడం. మూడు భాషల్లో అనగలను, నవ్వుతూ అనగలను, అవతలివాళ్ళు థాంక్స్ చెప్పి వెళ్ళేటట్టు అనగలను.

మొన్న మా ఊళ్ళోనే రుఆబాంధాలో ఒక తెలుగువాళ్ళ పెళ్ళికి వెళ్ళాను. బంతిలో నా పక్కన ఒక పెద్దాయనని చెయ్యి పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. చూస్తే మా ప్రిన్సిపాల్ గారు. బాగా వంగిపోయారు. చూపు ఆనడం లేదు, నన్ను గుర్తుపట్టలేదు. నేనెవరినో చెబుదామనుకునేలోపు వడ్డించే అబ్బాయి బూరెలు తెచ్చాడు. నాకు షుగరు, అస్సలు కుదరదని డాక్టరు గట్టిగా చెప్పాడు. చెయ్యి అడ్డం పెట్టాను. ఆయన ఆ చేతిని మెల్లగా పక్కకి నెట్టి, “ఒక్కటి వేసుకోమ్మా. తినే వయసులో తినాలి,” అన్నారు.

నలభై దాటినదాన్ని. నన్ను అలా ‘అమ్మా’ అని మందలించేవాళ్ళు ఈ ఊళ్ళో ఎంతమంది మిగిలారో ఆ క్షణాన లెక్కపెట్టబోయి, భయమేసి మానేశాను. నెయ్యి వేసి మరీ తిన్నాను.

“అలాగేనండి,” అన్నాను.