రివర్సు పీసు

డ్రైక్లీనింగ్ షాపులో ఇస్త్రీ బల్ల దగ్గర నిలబడే ఆవిడ ఎలక్ట్రిక్ గిటారు కొనుక్కుంటానంటే ఎవరైనా ముందు నవ్వుతారు. ఆమె మొగుడూ నవ్వాడు. ఆ నవ్వులో వెటకారం లేదు లెండి. చంటిపిల్ల ఏనుగు కావాలని అడిగితే నవ్వే నవ్వు అది. "కొనుక్కో, నీ జీతం నీ ఇష్టం. పాడైతే నేనున్నాగా" అన్నాడు.

ఆయన మోటార్లు, మిక్సీలు, ఫ్యాన్లు బాగుచేస్తాడు. ఇంటి ముందుగదే షాపు. పాడైన వస్తువు కనబడితే ఆయన చేతులు ఊరుకోవు. నిక్షేపంగా ఉన్న వస్తువు కనబడినా ఊరుకోవు. ఆ ఇంట్లో గోడ గడియారం మొదలుకొని మడత కుర్చీ దాకా ఆయన విప్పి బిగించని సామాను లేదు. వీధిలో ఆయన్ని మెకానిక్ గారు అంటారు, ఆమెను మెకానిక్ గారి భార్య అంటారు. ఆమెకు అంతకుమించి గుర్తింపు ఎవరూ ఇవ్వలేదు, ఆమె అడగనూ లేదు.

గిటారు పిచ్చి ఆమెకు ఊరికే పట్టలేదు. డ్రైక్లీనింగ్ షాపు పై అంతస్తులో సంగీతం క్లాసు ఉంది. సాయంత్రమయ్యేసరికి పైనుంచి ఎలక్ట్రిక్ గిటారు మోత దిగుతుంది. తోటివాళ్లు విసుక్కుంటుంటే ఈమె ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి వినేది. మామూలు గిటారు మర్యాదగా మాట్లాడుతుంది. ఇది అరుస్తుంది. గట్టిగా నోరెత్తి ఎరగని మనిషికి ఆ అరుపు నచ్చింది. ఎంత నచ్చిందంటే, ఒకరోజు పని ముగించి ఇంటికి పోకుండా మెట్లెక్కింది.

పాఠాలు చెప్పే అమ్మాయి ఆమెలో సగం వయసుది. "ఎందుకు రాదక్కా, వయసుతో పనేముంది? ముందు మీ చేతికి సరిపడే గిటారు వెతుక్కోండి. రంగు చూసి మోసపోకండి, వాళ్లమాటా వీళ్లమాటా వినకండి. ఒళ్లో పెట్టుకోగానే హాయిగా ఉందా లేదా, అదొక్కటే చూసుకోండి" అంది.

గిటార్ల కొట్టువాడు ఆమెను ఎగాదిగా చూసి, "బాబుకా పాపకా మేడం?" అన్నాడు.

"నాకే."

"ఓహో" అన్నాడు. ఆ ఓహో చాలా పొడుగ్గా సాగింది. తర్వాత చిలకపలుకులు మొదలుపెట్టాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లంతా ఇదే తీసుకుంటారట. బరువు లేదట, మెడ సన్నమట, వేళ్లు నొప్పెట్టవట. దీనికి తోడు చిన్న స్పీకరు కూడా కొనాలట, అది లేకపోతే ఈ గిటారు దోమ రొదకన్నా గట్టిగా పలకదట. చెప్పడమైపోయాక ఎర్రగా నిగనిగలాడేదొకటి తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు.

ఆమె దాన్ని పట్టుకోగానే కొట్టువాడికి నవ్వొచ్చింది. "రివర్సులో పట్టుకున్నారు మేడం. మెడ ఇటు కాదు, అటు రావాలి." తిప్పి పెట్టాడు. తిప్పి పెట్టాక ఆమె కుడిచెయ్యి తీగల మీద అరువు తెచ్చుకున్న చెయ్యిలా పడి ఉంది. కొట్టి చూడమంటే కొట్టింది. కట్టెతో కొట్టినట్టే ఉంది.

చిన్నప్పుడు వాళ్లమ్మ ఆమె ఎడమచేతిని గుడ్డపీలికతో నడుముకు కట్టేసేది. తినేటప్పుడూ కట్టేది, రాసేటప్పుడూ కట్టేది. "రేపు నలుగురిలో నవ్వులపాలు కాకూడదే నా తల్లీ" అని బుగ్గ నిమిరి మరీ కట్టేది. అమ్మ రాక్షసి అయ్యుంటే తిట్టుకోవడానికైనా వీలుండేది. ప్రేమగా కట్టిన కట్టును ఏమని తిట్టుకుంటాం? కొన్నాళ్లకు పీలిక అవసరం లేకుండానే ఎడమచెయ్యి అణిగిపోయింది. సంచులు మోయడం, గిన్నె కదలకుండా పట్టుకోవడం, అంతవరకే దాని పని. వంట, ఇస్త్రీ, సంతకం అన్నీ కుడిచేత్తోనే. ఎన్నడూ ముట్టని వస్తువు ఒళ్లోకి వచ్చేసరికి మాత్రం ఆ చెయ్యి నేర్పిన బుద్ధి మరిచిపోయి ముందుకొచ్చింది.

"మీది ఎడమచేతివాటమా మేడం?" అన్నాడు కొట్టువాడు.

ఇంత వయసొచ్చాక మొదటిసారి ఒకరు ఆ మాట అడిగారు, అదీ ముక్కూమొహం తెలియనివాడు. ఆమెకు ఏదో దొంగతనం బయటపడ్డట్టయింది. "చిన్నప్పుడు" అంది మెల్లగా.

అతను లోపలికి వెళ్లి మూల నుంచి ఇంకోటి తెచ్చాడు. అద్దంలో చూసినట్టు దానికి అన్నీ అటువి ఇటున్నాయి. ఎవరో ఎడమచేతివాళ్లు చెప్పి తెప్పించుకుని, మళ్లీ మొహం చూపించలేదట. రంగు చూస్తే పాచిరంగు. దుమ్ము తుడిచి, స్పీకరుకు తగిలించి ఇచ్చాడు. ఆమె ఎడమచెయ్యి ఎవరూ చెప్పకుండానే లేచి తీగల మీద పడింది. గది అదిరింది. ఆమెకు భయమేసింది, ఆ వెంటనే నవ్వొచ్చింది, అక్కడే కూర్చుండిపోవాలనిపించింది.

"కానీ ఒక మాట మేడం, తర్వాత మీరు తిట్టుకోకూడదు" అన్నాడు కొట్టువాడు. "దీన్ని మళ్లీ అమ్ముదామంటే కొనేవాడు దొరకడు. మీ ఇంట్లో ఇంకెవరూ వాయించలేరు కూడా."

ఆ చివరిమాట వినగానే ఆమె సంచిలోంచి డబ్బు తీసింది. ఇంట్లో ఇంకెవరికీ పనికిరాని వస్తువు, తన చేతికి తప్ప ఎవరి చేతికీ లొంగని వస్తువు. ఆమెకు కావలసింది అదే.

ఆ తర్వాతి నెలలు ఆమె బతుకులో బాగున్న నెలలు. పని కాగానే పైకి పోయి పాఠం, ఇంటికొచ్చాక వెనకగదిలో తలుపు దగ్గరగా వేసుకుని సాధన. వేలికొసలు కాయలు కాశాయి. ఇస్త్రీ పెట్టె వేడికి మొద్దుబారిన చేతులకు అదొక లెక్కా? మొగుడు అప్పుడప్పుడు తొంగిచూసి, పెదవి విరిచి, "కుదరట్లేదా?" అనేవాడు. "కుదురుతోందండీ" అనేది. ఆయన నమ్మినట్టు కనబడేవాడు కాదు. ఏదైనా యంత్రం లోపల కొత్తరకం చప్పుడు వస్తే పెట్టే మొహం పెట్టి వెళ్లిపోయేవాడు.

ఏడాదికోసారి ఆ క్లాసువాళ్లు చిన్న హాలు తీసుకుని అందరిచేతా వాయింపిస్తారు. "ఈసారి మీరు కూడా ఎక్కాలక్కా. ఎడమచేత్తో అంత గట్టిగా కొట్టేవాళ్లు మన క్లాసులో లేరు" అంది టీచరమ్మాయి. ఆమె ఒప్పుకుంది. ఒప్పుకున్నాక నిద్రపట్టలేదు. తను అరిస్తే పదిమంది వింటారు. ఆ ఒక్కటీ జరిగితే చాలనుకుంది. మొగుడికి కూడా చెప్పింది, రమ్మంది. "వస్తా, రాకేం" అన్నాడు ఆయన, కొంచెం దిగులుగా.

కార్యక్రమానికి ముందురోజు ఆమె పని నుంచి వచ్చేసరికి షాపు మూసి ఉంది. ఆయన వెనకగదిలో ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది. గిటారు ఆయన ఒళ్లో ఉంది.

"రా, రా. ఇదిగో, ఇప్పుడు వాయించు."

ఆమెకు మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఒక్కొక్కటే కనబడింది. లావు తీగ ఉండాల్సిన చోట సన్నతీగ ఉంది, సన్నతీగ చోట లావుది. మెడ చివర తీగలు కూర్చునే గాళ్లను ఆకురాయితో అరగదీశాడు. శబ్దం పెంచి తగ్గించే మీటలు అవతలి వైపుకు పోయాయి. వాటికోసం చెక్కకు కొత్త బెజ్జాలు పడ్డాయి. పాత బెజ్జాల్లో లప్పం కూరి, పైన పాచిరంగు కలిపి పూశాడు. పని శుభ్రంగా ఉంది. వేలితో తడిమినా అతుకు తెలియదు, రేపటిలోగా మళ్లీ మునుపటిలా చేయడానికీ వీల్లేదు.

"వాడు నిన్ను నిలువునా ముంచాడే" అన్నాడు ఆయన. "ఎవడికీ అక్కర్లేని రివర్సు పీసు నీకు అంటగట్టాడు. దాంతో కుస్తీపట్టి, పాపం, నువ్వు కూడా రివర్సులోనే నేర్చుకున్నావు. రోజూ చూస్తున్నాగా, నా ప్రాణం ఉసూరుమనేది. రేపు అందరి ముందూ అలా అపసవ్యంగా పట్టుకుంటే నవ్వరూ? పొద్దుట్నుంచీ షాపు మూసి కూర్చున్నా. ఇప్పుడు ఎవరైనా వాయించుకోవచ్చు. నేను కూడా."

నిజంగానే తీగ మీద వేలితో టింగుమని మీటి, ఆమె మెచ్చుకోలు కోసం తలెత్తి చూశాడు.

ఆమెకు గిన్నెలన్నీ తీసి గోడకేసి కొట్టాలనిపించింది. ఎవరిని కొట్టాలి? ఒకరోజు సంపాదన వదులుకుని, తన కోసం, తన పరువు కోసం చేసిన మనిషిని ఏం చేస్తాం? తాగొచ్చి విరగ్గొట్టే మొగుడు నయం. అప్పుడు వీధంతా పెళ్లాం మీద జాలిపడుతుంది. ఈయన మీద ఫిర్యాదు చెబితే, ఇంత మంచివాడు దొరికినా ఏడుస్తోంది చూడమంటారు.

"నాది ఎడమచేతివాటమండీ" అంది ఆమె.

ఆయన తెల్లబోయి చూశాడు. తర్వాత, కరెంటు పోయిందంటే ఎప్పుడు పోయిందని అడిగినంత మామూలుగా అడిగాడు.

"అదేంటి, ఎప్పట్నుంచి?"

ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఇంట్లో ప్రతి మరనూ విప్పి చూశాడు. ఆమె గిటారు ఆయన ఒళ్లోనే వదిలేసి వంటింట్లోకి వెళ్లి, తలుపు వేసుకుని, టీచరమ్మాయికి ఫోన్ చేసింది. రేపు రాలేనని చెప్పింది. గిటారు సంగతి చెబితే మొగుడి సంగతి చెప్పాలి. అందుకని, చెయ్యి నొప్పిగా ఉందని అబద్ధమాడింది.

"అయ్యో! ఎడమచెయ్యేనా అక్కా?" అంది ఆ పిల్ల ఆదుర్దాగా.

"ఆ, ఎడమచెయ్యే" అందామనుకుంది. ఫోన్ చెవికి ఆనించుకునే, పక్కగదిలోకి వినబడకుండా ఏడ్చింది.