గుంత కప్పు మీద కర్ర

మంచిర్యాల బొగ్గుగనిలో ముప్పై ఏళ్లు పనిచేసినవాణ్ణి. మా అమ్మాయి నర్సుగా ఉన్న థాయ్‌లాండ్ సరిహద్దు ఊరికి వెళ్లినప్పుడు కరెన్ అనే కొండజాతికి చెందిన ఒక ముసలమ్మను కలిశాను. బర్మా సైన్యం ఊరిమీద బాంబులు వేస్తే, మనుమలతో నది దాటి వచ్చిందట.

ఆమె ఇంటికింకా గోడలు లేవు. నదికి ఇవతల కూడా బాంబులు పడతాయన్న భయంతో వాళ్లు ముందు దాక్కునే గుంత తవ్వి, దానిమీద దుంగలతో కప్పు వేసి, తర్వాతే ఇల్లు కడతారు. విమానం చప్పుడైతే పిల్లలు ఆ గుంతలోనే చదువుకుంటారు.

లోపలికి దిగి, గని అలవాటు కొద్దీ నా చేతికర్రతో కప్పు తట్టాను. డొల్లగా పలికింది.

"గీడ ఇంకో దుంగ పెట్టాలె, లేకుంటే కూలుతది" అన్నాను.

అమ్మాయి వాళ్ల భాషలో చెప్పగానే ముసలమ్మ ఇంటి కోసం దాచుకున్న స్తంభం ఈడ్చుకొచ్చింది.

"అది ఇంటిది గదా?" అని అమ్మాయిని అడిగాను.

"ఇల్లు తర్వాతనట బాపూ. సైన్యపోళ్లు కొడుకును చంపిండ్రట. మనుమల చదువు మాత్రం ఆపనియ్యదట."

దుంగ నిలబెట్టాక ఆమే నా కర్ర అందుకుని తట్టింది. కప్పు గట్టిగా పలికింది. కర్ర మళ్లీ నాకివ్వలేదు; ఇక రోజూ తనే తట్టి చూసుకుంటుందట.