నేను చంపిన నిర్మాతలు

ఒక ఆదివారం మధ్యాహ్నం, పంజాగుట్టలో, అద్దెకు తీసుకున్న చిన్న ప్రివ్యూ థియేటర్‌లో, సమోసాలు పంచిన కాసేపటికే నేను నూట నలభై మందిని చంపాను. పోలీసులు రాలేదు. నిజానికి రావాల్సింది. పోయినవాళ్లలో సగం మంది అదే హాల్లో కూర్చుని, చేతిలో సమోసా పట్టుకుని, తమ చావు కబురు తామే చదువుకున్నారు. ఇంత ఘనకార్యం ఎలా చేశానో చెబుతాను. నవ్వొస్తే నవ్వండి. మధ్యలో ఒకచోట మాత్రం నేను నవ్వించలేను, ముందే చెబుతున్నాను.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్లు. భీమవరం నుంచి వచ్చి, మైత్రీవనంలో ఒక కోచింగ్ సెంటర్‌లో పాఠాలు చెప్పేవాణ్ని. ఏం పాఠాలంటారా? సాఫ్ట్‌వేర్ టెస్టింగ్. "ఒకటికి రెండుసార్లు చూడకుండా ఏదీ బయటికి పంపకూడదు" అని రోజుకు మూడు బ్యాచ్‌లకు గొంతు చించుకుని చెప్పేవాణ్ని. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నాకు మాత్రం చెప్పేవాడే లోకువ.

పాఠాలు కాకుండా నాకున్న ఇంకో పిచ్చి జపాన్ యానిమే, అంటే అక్కడి బొమ్మల సినిమాలు. అందులోనూ 'వాన వీధి' అనే పన్నెండు భాగాల సిరీస్ అంటే ప్రాణం. గొడుగులు బాగుచేసే ఒక ముసలాయన ఊరూరా తిరుగుతుంటాడు. అంతే కథ. ఎవరూ ఎగరరు, ఎవరూ ఎవర్నీ నరకరు. అందుకే కాబోలు, పుట్టిన దేశంలోనే దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. మేమే చందాలు వేసుకుని, హక్కులు కొని, తెలుగు సబ్‌టైటిల్స్‌తో విడుదల చేద్దామని కొందరు అభిమానులం నడుం కట్టాం. చందా ఇచ్చిన ప్రతి ఒక్కరినీ 'నిర్మాత' అన్నాం. ఆ మాటకున్న మహిమ ఏమిటోగాని, హక్కులు నిజంగానే మా చేతికొచ్చాయి.

సబ్‌టైటిల్స్ రాసింది యాదగిరన్న. సిరిసిల్ల నేతపని కుటుంబం, బల్కంపేట రోడ్డులో టైలర్ షాపు. ప్యాంటు పొడవు తగ్గించమని ఇవ్వడానికి వెళ్తే, కుట్టుమిషన్ మీద ఆనించిన ఫోన్లో మా ముసలాయన కనిపించాడు.

"అన్నా, ఇది నువ్వు చూస్తావా?"

"నాల్గు సార్లు సూసిన సార్. గీ ముసలాయన కుట్లు సూడు. గొడుగు బట్టకు గట్లనే వెయ్యాలె. బొమ్మ గీసినోడు ఎవడోగాని పని తెలిసినోడు."

నేను అన్ని ఎపిసోడ్లు చూసి ఒక్క కుట్టు కూడా గమనించలేదు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ముందు పెట్టుకుని, డిక్షనరీ తిరగేస్తూ, ఒక లాంగ్ నోట్‌బుక్‌లో పన్నెండు భాగాలూ ఆయనే తెలుగు చేశాడు. ఆయన తెలుగు. జపాన్ ముసలాయన తడిసి వచ్చిన పిల్లతో అంటాడు: "జర కూసో బిడ్డా, వాన తగ్గినంక పోదువు."

నాలోని పంతులు నిద్ర లేచాడు.

"అన్నా, ఇలా ఉంటే జనం నవ్వుతారు. పుస్తకాల భాషలోకి మారుస్తాను."

"ఎందుకు సార్? గా ముసలాయన భీమవరం భాష మాట్లాడుతడా?"

 జవాబు లేనివాడికి గొంతు పెద్దది. "నువ్వు ప్యాంట్లు కుట్టుకో అన్నా. భాష సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఆయన టేపు మెళ్లోంచి తీసి బల్ల మీద పెట్టాడు. నోట్‌బుక్ మూసి నా చేతిలో పెట్టాడు. "తీస్కపో సార్" అన్నాడు.

వారం తిరక్కుండానే, ఎర్రగడ్డ రైతుబజార్‌లో టమాటాలు ఏరుతూ గుండె పట్టుకుని కూర్చున్నాడు. మళ్లీ లేవలేదు. నేను క్లాసులో ఉన్నాను, ఫోన్ సైలెంట్‌లో ఉంది. ఆయన భార్య భాగ్య వదిన మూడుసార్లు చేసింది. నేను చూసేసరికి అంతా అయిపోయింది. నవ్వించలేనని చెప్పింది ఇక్కడే.

నోట్‌బుక్‌లో ఒక్క అక్షరం మార్చలేదు. మార్చే ధైర్యం లేదు.

ఇక హత్యాకాండకు వద్దాం. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే నా స్నేహితుడు ఇమ్రాన్ చివర పేర్లు వేసే పని చేస్తున్నాడు. రెండు శీర్షికలు రాసిచ్చాను. మొదటిది, 'రెండో సీజన్‌లోనూ మనతో కలిసి పనిచేయబోయేవారు'. దానికింద, రెండో సీజన్‌కూ చందా ఇస్తామన్న నిర్మాతలందరి పేర్లు. రెండోది, 'మనల్ని విడిచి వెళ్లిపోయిన ఆత్మీయులు. వారి ఆత్మకు శాంతి కలగాలి'. దానికింద ఒక్క యాదగిరన్న పేరు. ప్రదర్శన రోజు పొద్దున నాకు పశ్చాత్తాపం పొంగింది. మొదట కనిపించాల్సిన పేరు అన్నదే కదా అనిపించింది. ఇమ్రాన్ కుర్చీలో నేనే కూర్చుని, అన్న పేరు పైకి, మిగతా పేర్లు కిందికి మార్చేశాను. పేర్లు మార్చాను. శీర్షికలు ఎక్కడివి అక్కడే ఉన్నాయి.

"భాయ్, జర ఆఖరుదాకా ఒక్కసారి సూడు" అన్నాడు ఇమ్రాన్.

"టైమ్ లేదురా. అయినా ఎండ్ టైటిల్స్ ఎవడు చూస్తాడు?"

చందా ఇచ్చినవాడు సినిమా చూడకపోయినా ఎండ్ టైటిల్స్ చూస్తాడు. ఈ జ్ఞానం నాకు ఆ సాయంత్రానికి కలిగింది.

మొదటి మూడు భాగాలు వేశాం. జనం నవ్వాల్సిన చోట నవ్వారు, ఏడవాల్సిన చోట ఏడ్చారు. భాష చూసి ఎవరూ నవ్వలేదు. ముందు వరసలో భాగ్య వదిన ఒంటరిగా కూర్చుంది. ముసలాయన 'జర కూసో బిడ్డా' అనగానే, "గిరాకీలకు గిట్లనే చెప్తుండె" అని తనలో తను అనుకోవడం నాకు వినిపించింది.

ఆట అయిపోగానే, చప్పట్లు అందుకుందామని నేను తెర ముందుకు వెళ్లి, జనం వైపు తిరిగి, చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా వెనక పేర్లు మొదలయ్యాయి. హాలంతా ఒక్కసారిగా నిశ్శబ్దం. కదిలిపోయారు పాపం అనుకున్నాను. గుండె మీద చెయ్యి వేసుకుని, బోనులో నిలబడిన దొంగ కన్నా వినయంగా తల కూడా వంచాను.

"భాయ్! ఎన్కకు తిరుగు భాయ్!" పైన ప్రొజెక్టర్ గదిలోంచి ఇమ్రాన్ కేక.

ఈలోపు మూడో వరసలో రిటైర్డ్ బ్యాంకు మేనేజరు సుబ్రహ్మణ్యం గారు లేచారు. మా మొదటి చందాదారు ఆయనే.

"ఏమయ్యా ప్రసాదూ, నేనెప్పుడు పోయాను?"

"కూర్చోండి, పోయినవాళ్లు మాట్లాడకూడదు" అంది ఆయన భార్య.

వెనక్కి తిరిగి చూశాను. నూట నలభై మంది ఆత్మీయులు, అక్షర క్రమంలో, మెల్లగా పైకి వెళ్లిపోతున్నారు. స్వర్గానికి లిఫ్టు పెట్టినట్టుంది.

కొందరు సరదాగా ఫోటోలు తీసి అప్పటికే చుట్టాలకు పంపారు. చూసినవాళ్లకు సరదా అర్థం కాలేదు. ఒకాయన ఫోన్లో ఆయన తమ్ముడి ఏడుపు పక్క సీటుకు వినిపిస్తోంది: "ఎప్పుడు ఎత్తుతరు? మేం బస్సెక్కినం!" చందా ఇచ్చిన నా స్టూడెంట్ సంధ్య నా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది.

"సార్, నిజామాబాద్‌ల మా అమ్మ మొత్తుకుంటుంది!"

"బతికే ఉన్నానని చెప్పమ్మా!"

"చెప్తున్న సార్, నమ్ముతలేదు!"

కంగారులో ఇమ్రాన్ వీడియో వెనక్కి తిప్పి ఆపేశాడు. ఎక్కడ ఆపాడంటే, మొదటి కార్డు మీద. 'రెండో సీజన్‌లోనూ మనతో కలిసి పనిచేయబోయేవారు'. కింద ఒకే ఒక్క పేరు. నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి. అందరూ ముందు వరస వైపు చూశారు.

నేను వెళ్లి భాగ్య వదిన ముందు నిలబడ్డాను. 

"వదినా, పొరపాటైంది. నేనే..."

ఆమె తెర వైపే చూస్తోంది. "అందర్ని సంపినవ్ గద సార్" అంది. "మా ఆయన ఒక్కన్నే బతికిచ్చినవ్."

అని నవ్వింది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. భుజాలు చాలాసేపు కదిలాయి. అది నవ్వో కాదో నేను అడగలేదు.

అప్పటిదాకా దాచుకున్న మాట బయటికొచ్చింది. "వదినా, అన్నతో నేను ఆఖరుసారి మాట్లాడినప్పుడు..."

"ఎరికే. ఇంటికొచ్చి చెప్పిండు. 'గా సార్‌కు భాష రాదు, కోపమే వస్తది' అన్నడు."

"నవ్వుతూ చెప్పాడా?"

నాకు కావాల్సిన జవాబు 'అవును' ఒక్కటే. ఆమెకు అబద్ధం చెప్పడం రాదు.

"లేదు సార్. మస్తు బాధపడ్డడు. బువ్వ సుత తినలే." కళ్లు తుడుచుకుంది. "గా పేరు మటుకు తియ్యకు. గాడనే ఉండనియ్యి."

ఉంచాను. విడుదలైన ప్రతిలో నిర్మాతలందరినీ తిరిగి బతికించి పై శీర్షిక కిందే, అన్న పేరు తర్వాత వరసగా పెట్టాను. రెండో శీర్షిక తీసేశాను. సబ్‌టైటిల్స్ రాసిన యాదగిరి గారిని కలవాలని ఇప్పటికీ ఎవరో ఒకరు ఉత్తరం రాస్తుంటారు. ప్రతిసారీ ఒక సాయంత్రం కూర్చుని జవాబు రాస్తాను.

సుబ్రహ్మణ్యం గారు మాత్రం సరిచేసిన ప్రతి మీద అసంతృప్తిగా ఉన్నారు. తెర మీది ఆ ఫోటో పంపిన దగ్గర్నుంచి, చిట్టీలో చేరమని వేధించే ఒక ఏజెంటు ఆయనకు ఫోన్ చేయడం మానేశాడట. "తొందరపడి బతికించావయ్యా" అని కనిపించినప్పుడల్లా నిష్ఠూరమాడతారు.

కనుక బల్కంపేట ఎల్లమ్మ తల్లి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. చివరి పేరు తెర దాటిపోయేదాకా కళ్లార్పకుండా చూడనిదే ఇకమీదట ఏ ఫైలూ ఎవరికీ ఇవ్వను. బతికున్న మనిషిని, ఆ మనిషి స్వయంగా సంతకం పెట్టి రాసిస్తే తప్ప, చంపను.