మిల్లు మోతలో లీడ్ గిటార్

బీర్కూర్‌లో ఒక పెళ్లి రిసెప్షన్‌లో పెళ్లికొడుకు మేనమామ స్టేజీ ఎక్కి, నా ఎలక్ట్రిక్ గిటార్ సౌండ్ తగ్గించమన్నాడు. నేను ఇంకాస్త పెంచాను.

బాన్సువాడలో మా రాక్ బ్యాండ్‌కు లీడ్ గిటారిస్టును నేనే. పగలు పత్రికకు వార్తలు రాసి, సాయంత్రం మా డ్రమ్మర్ వాళ్ల రైస్ మిల్లుకు వెళ్లేవాణ్ని. మర ఆడుతున్నప్పుడే సాధన చేస్తే మా గోల ఊరికి వినపడదు. ఆ మోతను మించి వాయిస్తేనే నా గిటార్ నాకు వినపడేది. చెయ్యి దానికే అలవాటు పడింది.

"ఏంది తమ్మీ, మిల్లును స్టేజీ మీదికి తెచ్చినవా? డీజే పాటలు కొట్టుండ్రి, లేకుంటే దిగుండ్రి," అన్నాడాయన.

"మా సొంత పాటలు వినే పెండ్లి పిలగాడు పిలిచిండు కాకా. ఆయన దిగమంటే దిగుత," అన్నాను.

పెళ్లికొడుకు ఫొటోగ్రాఫర్ వైపు తిరిగాడు. నా వెనక డ్రమ్ములు మాత్రం ఆగిపోయాయి. ఆ మేనమామ వడ్లు ఏటా మా డ్రమ్మర్ వాళ్ల మిల్లుకే వస్తాయి. నేనొక్కణ్నే పాటను చివరిదాకా వాయించాను.

ఇప్పటికీ సాయంత్రం గిటార్ తీసుకుని మిల్లుకు వెళ్తూనే ఉన్నాను. నేనూ మా డ్రమ్మరూ కలిసి మొదలుపెట్టిన బ్యాండ్ ఇది. ఎవరో దిగమన్నారని వదిలేది లేదు. మర నడుస్తోంది. ఆ రిసెప్షన్ నుంచి వచ్చాక డ్రమ్ముల మీద కప్పిన గోనెపట్టాను అతను ఇంకా తీయలేదు.