పైపు తిప్పకూడదు

పొద్దున ఏడు కూడా కాలేదు. రాత్రి పట్టిన ముసురు ఇంకా వదల్లేదు. కాలేజీ గేటు బయట నిలబడి ఉన్నాను, కడుపులో ఎలకలు పరిగెడుతున్నాయి. అక్క కట్టిచ్చిన డబ్బా చంకలోనే ఉంది, వేడి చొక్కాలోంచి తగుల్తోంది. పరీక్ష అయ్యేదాకా ముట్టనని బావ మొండికేశాడు. ఆయన తినకుండా నేనెలా తింటాను?

"రెండు ముద్దలు తిను బావా. కళ్ళు తిరిగి పడితే నేను మొయ్యలేను."

"నీకు ఆకలేస్తే నువ్వు తిను. నా మీద పెట్టకు."

"పరీక్ష నీకు, పస్తు నాకా?"

"బావమరిదివి కదరా, ఆ మాత్రం పడు."

బావ వెల్డరు. మీసాలు రాకముందే రాడ్డు పట్టాడు. ఏ చొక్కా తొడుక్కున్నా చేతుల మీద జల్లెడలాగా నిప్పురవ్వల చిల్లులు. పెళ్ళి చొక్కాని కూడా వదల్లేదని అక్క ఇప్పటికీ దెప్పుతుంది. ఎవరింటికి వెళ్ళినా ముందు గేటు అతుకులు చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పలకరిస్తాడు.

నేను ఆయన దగ్గర హెల్పర్ని. మా షెడ్డులో పెద్ద పెద్ద పైపులకి అతుకులు వేస్తాం. పైపు రోలర్ల మీద ఉంటుంది. బావ మాస్కు వేసుకుని పైభాగంలో అతుకుతాడు. ముందున్న ముక్క అయిపోగానే సుత్తితో పైపు మీద కొడతాడు, టక్ టక్. నేను తిప్పుతాను. ఆ మోతలో మాట వినపడదు, మాస్కులోంచి మనిషి కనపడడు. ఆ టక్ టక్ ఒక్కటే మా ఇద్దరి భాష. మా షెడ్డులో పైపే తిరుగుతుంది, మనిషి తిరగడు.

అలా నడుస్తున్నదాన్ని చెడగొట్టారు. పెద్ద కాంట్రాక్టు ఏదో వచ్చిందట. ఏడాది చివరికల్లా కాలేజీ సర్టిఫికెట్ లేనివాడు రాడ్డు ముట్టుకోకూడదని సూపర్‌వైజర్ అందర్నీ నిలబెట్టి చెప్పాడు. చెప్పి టీ తాగడానికి వెళ్ళాడు. ఆయనకేం, చల్లగా చెప్పాడు.

బావకి తోడుగా కాలేజీకి నేనూ వెళ్ళాను. కౌంటర్లో ఉన్నామె మంచిదే, మర్యాదగానే మాట్లాడింది. అందుకే ఇంకా ఒళ్ళు మండింది.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారు?"

"మీరు పుట్టకముందు నుంచి తల్లీ."

"అది లెక్కలోకి రాదండీ."

మరేది లెక్కలోకి వస్తుందయ్యా అంటే, సాయంత్రం క్లాసులకి హాజరు వస్తుంది. భద్రత పేపరు, లెక్కల పేపరు, డ్రాయింగు చూసి చదివే పేపరు వస్తాయి. అన్నీ పాసైతేనే ప్రాక్టికల్‌కి కూర్చోనిస్తారు. ప్రాక్టికల్ పోతే మళ్ళీ వచ్చే ఏడాదే. ఒళ్ళంతా కాల్చుకుని చేసిన పని మాత్రం ఎక్కడా రాదు. నేను అక్కడే అరిచాను. బావ నా చెయ్యి పట్టి బయటికి లాక్కొచ్చాడు.

"అరిస్తే ఇస్తారా? నోరు మూసుకుని పద."

చదువుకున్నాడు. పగలంతా షెడ్డు, సాయంత్రం క్లాసు. కాయలు కాసిన వేళ్ళలో పెన్సిల్ ఆగేది కాదు. వంటగదిలో పీట మీద కూర్చోబెట్టి అక్క పాఠాలు అడిగేది.

"ఈ కోణం ఎంతో చెప్పు."

"నీ మూతి వంకర ఎంతో అంత."

"అదే రాయి పేపర్లో, సున్నా వేస్తారు."

లెక్కల పేపరు ఒకసారి తన్నింది, రెండోసారి గట్టెక్కాడు. మిగిలింది ప్రాక్టికల్. అందులో పైపుని స్టాండుకి బిగించేస్తారు. కదపకూడదు. పైన, పక్కన, కింద, చుట్టూ మనిషే తిరిగి అతకాలి. బావ ఆ పనీ నేర్చుకున్నాడు. పడుకుని, మెడ విరుచుకుని, మీద పడే రవ్వలు కాచుకుంటూ క్లాసులో బాగానే చేశాడని సారు కూడా అన్నాడు.

ఆ ముసురు రోజు నేను వర్క్‌షాపు కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. పైభాగం మొదలుపెట్టాడు. వెలుగు ఒకే తీరుగా సాగుతోంది. అతుకు నున్నగా పోతోంది. ఇంక చాలు, గండం గడిచిందనుకున్నాను.

అప్పుడు కొట్టాడు. టక్ టక్.

గోడకి ఇవతల నా చేతులు లేచాయి. పైపు కదల్లేదు. బావ మాస్కు తియ్యలేదు, తల కూడా ఎత్తలేదు. ఇంకోసారి కొట్టాడు. తర్వాత విసుగ్గా ఎడమ చేత్తో తనే బిగింపు వదులు చేసి పైపు తిప్పేశాడు. హెల్పర్ నిద్రపోతున్నాడనుకుని ఉంటాడు.

సారు చెయ్యెత్తాడు. "ఆపండి. అయిపోయింది."

బావ మాస్కు పైకెత్తి చుట్టూ చూశాడు. తనెక్కడున్నాడో అప్పుడు తెలిసింది.

నేను లోపలికి పరిగెత్తాను. "అలవాటయ్యా అది! అతుకు చూడు, అతుకులో ఏం తప్పుంది?"

"అతుకులో తప్పు లేదు," అన్నాడు సారు. "రేపు గోడకి బిగించిన పైపుని ఎవరు తిప్పుతారు?"

ఆయనన్నది నిజమే. నిజమైతే కోపం తగ్గుతుందా? ఇంకా పెరిగింది. గేటుదాకా తిట్టుకుంటూనే వచ్చాను. బావ డబ్బా తీసుకుని, గేటు దగ్గర మెట్టు మీద కూర్చుని, తడుస్తూ మొత్తం తిన్నాడు. నాకు ఒక్క ముద్ద కూడా మిగల్చలేదు. అడగలేదు నేను.

ఏడాది చివరికొచ్చింది. సర్టిఫికెట్ ఉన్న వెల్డర్‌ని తెచ్చారు. బావని పైపు అవతలి కొన దగ్గర నిలబెట్టారు, నాతో పాటు తిప్పడానికి. "ఉద్యోగం తీసెయ్యలేదు కదా," అన్నాడు సూపర్‌వైజర్, మేమేదో దణ్ణం పెట్టాలన్నట్టు.

కొత్తాయన సుత్తితో కొట్టడు. మాస్కు ఎత్తి అరుస్తాడు. "తిప్పు!" మొదటి వారం బావ తిప్పాడు. రెండో వారం నుంచి, అరుపు విన్నా, ఒక్క క్షణం ఆగేవాడు. దేనికోసం ఆగేవాడో నాకు తెలుసు.

ఒక రోజు అలాగే ఆగాడు.

"ఏం పెద్దాయనా, చెవుడా?" అన్నాడు కొత్తాయన.

బావ గ్లౌజులు విప్పి రోలరు పక్కన పెట్టాడు. కుళాయి దగ్గర మోచేతుల దాకా కడుక్కున్నాడు. నీళ్ళకి వెళ్ళాడనుకున్నాను. షెడ్డు తలుపు దాటి, గేటు దాటి వెళ్ళిపోయాడు. నా వైపు ఒక్కసారీ చూడలేదు. అరవమని నన్నడిగితే ఊరు లేచిపోయేలా అరిచేవాణ్ణి కదా!

పైపు అవతలి కొన దగ్గర ఎవరూ లేరు.

"తిప్పు!" అని కొత్తాయన మళ్ళీ అరిచాడు.

పళ్ళు కొరుక్కుంటూ ఒక్కణ్ణే తిప్పాను.