అడిగినందుకు

మా ఇంగ్లీషు సారుకు ఒకటే పిచ్చి. ఆస్క్, రిక్వెస్ట్, డిమాండ్, ఈ మూడింటికీ తేడా చెప్పమనేవాడు. తడబడితే అరచేతి మీద బెత్తం. "అన్నిటికీ అడుగుడే అంటవేందే? రిక్వెస్టంటే బతిమాలుడు, డిమాండంటే దబాయించుడు!" అని అరిచేవాడు. రెండు చేతులూ వాచాకే ఆ తేడా నాకు వంటబట్టింది. అప్పుడు నేను ఆదిలాబాద్‌లో మెట్రిక్ చదువుతున్నాను.

మా బాపు పత్తి జిన్నింగ్ మిల్లులో పనిచేసేవాడు. ఇంజను నుంచి మిషన్లకు తిరిగే తోలు పట్టాకు అడ్డమనేదే లేదు. ఒకరోజు పక్క మిషన్ మనిషి చెయ్యి అందులో పడి నలిగిపోయింది. మర్నాడు బాపు గుమాస్తా దగ్గరికి పోయి, "జర పట్టాకు అడ్డం పెట్టియ్యుండ్రి సార్, మీ కాల్మొక్త" అన్నాడు. ఆయన చేసిన నేరం అంతే!

వారం తిరక్కుండానే, లేబర్ ఆఫీసుకు పంపాలంటూ ఇంగ్లీషు కాగితమొకటి ముందు పెట్టి వేలిముద్ర వెయ్యమన్నారు. బాపు నన్ను వెంట తీసుకుపోయాడు. చదివాను. పని ఆపి, నలుగురిని పోగేసి డిమాండ్ చేశానని బాపే ఒప్పుకున్నట్టు రాశారు. వేలు పెడితే పని పోయినట్టే. నా ఒళ్లు మండిపోయింది.

"మా బాపు డిమాండ్ చెయ్యలే సార్, రిక్వెస్ట్ చేసిండు."

గుమాస్తా తలెత్తనైనా ఎత్తలేదు. "గదైనా గిదైనా ఒక్కటే పిల్లా. అడిగిండా లేదా?"

ఒక్కటేనట! మరి నా చేతులెందుకు వాచినట్టు? బడిలో మాకు వెంట్రుకవాసి తేడా వచ్చినా తన్నులే. మా బతుకుల దగ్గరికొచ్చేసరికి ఈ చదువుకున్నోళ్లకు కొండంత తేడా కూడా కనబడదు. థూ!

"ఒక్కటి గాదు సార్. దిద్దుండ్రి. దిద్దేదాక మా బాపు వేలు పెట్టడు," అన్నాను.

బాపు కూడా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. "బిడ్డ చెప్పినట్టు రాయుండ్రి సార్," అన్నాడు.

గుమాస్తా అప్పుడు నా వైపు చూశాడు. "గీ పిల్లది మన మిల్లు సేటు కమిటీల ఉన్న బడే గదా? పరీక్షలు ఎప్పుడు?" అని మెల్లగా అడిగాడు.

బాపు బొటనవేలు సిరాలో అద్ది, కాగితం మీద గట్టిగా ఒత్తాడు.

దారి పొడుగునా ఏడుస్తూ ఆయన్నే తిట్టాను. "ఎందుకు పెట్టినవ్ బాపూ? ఎందుకు?"

"నాకు గీ మిల్లు గాకపోతే ఇంకో మిల్లు దొర్కుతది బిడ్డా. నీకు ఇంకో బడి ఏడున్నది?"

ఆ తర్వాత ఏ మిల్లూ ఆయన్ను గేటు లోపలికి రానివ్వలేదు.